కాన్పు ఎక్కడ, ఎవరి చేతిలో?

గత కొన్ని నెలలుగా మాకు అందుతున్న ఉత్తరాలలో ఒకే ప్రశ్న నాలుగైదు రూపాలలో కనబడుతున్నది. మొన్న ఒక సంఘములో స్త్రీల మైత్రి కూటము ముగిసిన తరువాత, టీ గ్లాసులు చేతిలో పట్టుకొని ఇద్దరు తల్లులు కూడ అదే అడిగారు. “మా అమ్మాయికి తొలి కాన్పు. పెద్దాపరేషన్ లేకుండా సహజంగా పురుడు జరగాలని దాని ఆశ. ఇప్పుడు మిడ్‌వైఫ్‌లే చూసే ప్రసూతి కేంద్రాలు ఉన్నాయంటున్నారు. నమ్మవచ్చునా? నమ్మితే ఎవరిని నమ్మాలి?”

ప్రియ పాఠకులారా, మేము డాక్టర్లము కాము. అయితే మాలో ఒకరు చాలా ఏళ్లు ఒక మిషను ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసిన వారు. పైగా మా చిన్నమ్మాయి తొలి కాన్పు కొరకు మేమిద్దరము హైదరాబాదులో నాలుగు చోట్లకు తిరిగి, చూసి, అడిగి తెలుసుకున్నాము. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు మీ ముందు పెడుతున్నాము. మీ అమ్మాయిని పరీక్షించే డాక్టరుగారి మాటకు బదులుగా దీనిని తీసుకోవద్దు.

మిడ్‌వైఫ్ అనే మాట కొత్తగా వినబడుతున్నది గాని, ఆ మనిషి మనకు కొత్త కాదు. నిర్గమకాండములోని షిఫ్రా, పూయాలను మన తెలుగు బైబిలు “మంత్రసానులు” అనే పిలిచింది. మన అమ్మమ్మల కాలంలో ఊరూరా మంత్రసాని ఉండేది. అర్ధరాత్రి లాంతరు పట్టుకొని ఎవరు పిలిచినా వచ్చేది. చేటెడు బియ్యము, ఒక పాత చీర ఆమెకు కూలి. ఆమె చేతిలో ఎన్నో సుఖప్రసవాలు జరిగాయి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా, రక్తం ఆగకపోయినా ఆమెకు చేయగలిగినది లేదు. ఆ ఇంటివారికీ లేదు. ఆ సంగతి మరచిపోయి “పాత రోజులే బాగుండేవి” అనేవారి మాటతో మేము ఏకీభవించము. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టంలో చనిపోవడం చూసిన ఐడా స్కడ్డరు డాక్టరు కావడానికి తీర్మానించుకున్న కథ మన సండే స్కూలు పిల్లలకు కూడ తెలుసు. మన గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచినదీ ఇటువంటి అవసరము కొరకే. ఆ ఆసుపత్రులు డాక్టర్లతో ఆగలేదు, కాన్పులు చేయగల నర్సులను తయారు చేశాయి. మాలో నర్సుగా పనిచేసినవారు శిక్షణ పొందిన రోజులలో రాత్రి డ్యూటీలో డాక్టరమ్మను లేపే పని అన్ని కాన్పులకూ ఉండేది కాదు. సిస్టర్లే చేసేవారు. ఎప్పుడు లేపాలో వారికి బాగా తెలుసు.

ఆ “ఎప్పుడు లేపాలో” అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. అందుకు సంతోషించవలసినదే. కాని మరొకటి పెరిగింది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని కాన్పులలో నూటికి 60.7 పెద్దాపరేషన్‌తోనే జరిగినట్లు తేలింది. ప్రైవేటు ఆసుపత్రులలో అది నూటికి 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తము మీద 42.4, ప్రైవేటులో 63. దేశమంతా కలిపి చూస్తే 21.5 మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే ఏ దేశములోనైనా నూటికి 10 నుండి 15కు మించి ఆపరేషన్లు అవసరం ఉండదని చెప్పింది. తరువాత 2015లో, నూటికి 10 దాటిన తరువాత ఆపరేషన్లు ఎంత పెరిగినా తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్లు కనబడలేదని వివరించింది. మన తెలుగు స్త్రీల శరీరాలు దేశములోని మిగతా స్త్రీల శరీరాల కంటె వేరుగా లేవు గదా!

దీనికి డాక్టర్లను మాత్రమే అనడం న్యాయం కాదు. ఒకే డాక్టరు పగలంతా ఓపీ చూసి, రాత్రి పది పన్నెండు గంటలు ఒక తొలిచూలు దగ్గర కూర్చోవడం ఎలా సాధ్యము? నొప్పులు భరించలేదని అమ్మాయి తల్లే ఆపరేషన్ అడుగుతుంది. ముహూర్తం పెట్టించుకొని వచ్చేవారు ఉన్నారు. మనము ముహూర్తాలు చూడము గాని, అల్లుడి సెలవులు, ఆడపడుచు అమెరికా టికెట్టు చూస్తాము. బిడ్డకు రెండిటికీ తేడా తెలియదు.

ఆపరేషన్ ప్రాణాలు కాపాడే పని. అవసరమైనప్పుడు అది దేవుడిచ్చిన మేలు. అవసరము లేనప్పుడు చేస్తే కడుపు మీద కోత, ఎక్కువ రక్తం పోవడం, కోలుకోవడానికి వారాలు, తరువాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అంటుకొనే ప్రమాదము, ఇవన్నీ ఆ అమ్మాయి మోయాలి. రెండవ బిడ్డ, మూడవ బిడ్డ కావాలనుకునే కుటుంబాలు ఈ సంగతి ముందే ఆలోచించాలి.

ఇక మిడ్‌వైఫ్ ఎవరు? ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు. మన దేశంలో జీఎన్ఎం గాని, బీఎస్సీ నర్సింగు గాని చదివిన ప్రతి సిస్టరు సర్టిఫికెట్టు మీదా “మిడ్‌వైఫ్” అని ఉంటుంది. అంతమాత్రాన ఆమె సొంతంగా, ధైర్యంగా కాన్పులు నడిపినదని కాదు. చాలామంది పెద్ద ఆసుపత్రులలో డాక్టరు చెప్పిన ఇంజక్షను ఇవ్వడముతోనే ఉద్యోగం గడిపేశారు. అందుకనే తెలంగాణ ప్రభుత్వము 2017లో యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల సహకారముతో ఎంపికచేసిన నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. మొదటి జట్టు కరీంనగర్‌లో శిక్షణ పొందింది. కేంద్ర ప్రభుత్వము కూడ 2018లో మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ప్రకటించి, రద్దీగల ప్రభుత్వ ఆసుపత్రులలో మిడ్‌వైఫ్‌లే నడిపే ప్రసూతి విభాగాలు, డాక్టర్ల కాన్పు గది పక్కనే ఉండేలా పెట్టాలని చెప్పింది.

డౌలా అనేవారు వేరు. ఆమె తోడుగా ఉంటుంది, నడుము రుద్దుతుంది, ధైర్యం చెబుతుంది. మంచి సహాయమే. అయితే ఆమె లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె లెక్కపెట్టదు, కాన్పు చేయదు. కొన్ని వారాల కోర్సు చేసి “ప్రసవ నిపుణులు” అని బోర్డు పెట్టుకున్నవారు కూడ ఉన్నారు. గనుక మొదటి ప్రశ్న మొగమాటం లేకుండా అడగండి: మీరు ఏమి చదివారు, నర్సింగు కౌన్సిలులో మీ రిజిస్ట్రేషను ఉన్నదా, మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఎక్కడ, ఎంతకాలం పొందారు? మంచి మిడ్‌వైఫ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోదు. మేము చూసిన వారిలో ఒక సిస్టరుగారు నవ్వి, గోడమీదున్న సర్టిఫికెట్టు దింపి మా చేతికి ఇచ్చారు.

అందరికీ ఈ కేంద్రాలు తగవు. రక్తపోటు పెరిగినవారు, ఇన్సులిన్ వాడుతున్న షుగరువారు, గుండె జబ్బు ఉన్నవారు, కవలలు ఉన్నవారు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నవారు, మాయ కిందికి ఉన్నదని స్కానింగులో చెప్పబడినవారు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవారు నేరుగా పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. మొదటి కాన్పు ఆపరేషన్ అయినవారికి రెండవది సహజంగా జరగవచ్చును గాని, అది ఆపరేషన్ థియేటరు పక్కనే ఉన్నచోట, డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. మరొకటి, మనవాళ్లు తేలికగా తీసుకొనేది రక్తహీనత. మన రెండు రాష్ట్రాలలోను గర్భిణీలలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవారే. 11 గ్రాములు ఉండాలి. 7 కంటె తక్కువ ఉన్న అమ్మాయికి కాన్పులో కొద్దిపాటి రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. సహజ ప్రసవము కావాలనుకొనే కుటుంబము మొదట చేయవలసిన పని, మూడవ నెల దాటినది మొదలు ఐరన్ మాత్రలు రోజూ మింగుతున్నదో లేదో చూడటము. నీళ్లలో పుట్టించే తొట్టి ఉన్నదా అని అడిగే తల్లులను చూశాము, హిమోగ్లోబిన్ ఎంత అని అడిగితే వారికి తెలియదు.

మా అమ్మాయి సంగతికి వస్తాము. ఆమె అప్పటివరకు చూపించుకుంటున్న చోట, ఎనిమిదవ నెల నిండకముందే, “బిడ్డ పెద్దగా ఉన్నది, మెడలో పేగు ఉన్నది, ఫలానా తేదీన ఆపరేషన్ పెట్టుకుందాము” అన్నారట. పేగు మెడలో చుట్టుకొని ఉండటము చాలామంది బిడ్డలలో కనబడేదే, అదొక్కటే ఆపరేషన్‌కు కారణము కాదని మాలో నర్సుగా చేసినవారికి తెలుసు. అమ్మాయి ఏడుస్తూ ఫోను చేసింది. “అమ్మా, నేను నొప్పులకు భయపడటం లేదు. నన్ను ఎవరూ అడగకుండా తేదీ రాసేశారు, అదే బాధ.” ఆ మాటతోనే మేము వెతకడం మొదలుపెట్టాము.

మొదట వెళ్లిన కేంద్రం చూడముచ్చటగా ఉన్నది. మెత్తటి దీపాలు, పెద్ద తొట్టి, గోడలకు పూల బొమ్మలు. అమ్మాయి కళ్లు మెరిశాయి. మేము ఒక్క ప్రశ్న అడిగాము: “ఏ పరిస్థితిలో మీరు అమ్మాయిని ఇక్కడినుండి ఆసుపత్రికి పంపుతారు?” ఆమె చిరునవ్వుతో, “మా దగ్గర అలాంటి అవసరము రాదండీ, మేము పాజిటివ్‌గా ఉంటాము” అన్నది. మేము టీ కూడ తాగకుండా లేచి వచ్చాము. కాన్పులో అవసరమెప్పుడూ రాదనేవారు ఎక్కువ కాన్పులు చూడలేదని అర్థము, లేక చూసినది చెప్పడం లేదని.

రెండవ చోట బయట “నార్మల్ డెలివరీలకు ప్రాధాన్యత” అని పెద్ద అక్షరాలు. లోపల అడిగితే, చేరిన వెంటనే అందరికీ డ్రిప్ పెట్టి నొప్పులు పెంచుతారట, మంచం దిగనివ్వరట, తోడు ఎవరినీ రానివ్వరట, అందరికీ కోత పెట్టి కుట్లు వేస్తారట. ఇది నార్మల్ అయితే అబ్నార్మల్ ఏమిటో! మూడవ చోటి గురించి చెప్పుకోవలసినదేమీ లేదు, చాలా దూరము, అంతే.

నాలుగవది ఒక ఆసుపత్రిలో అంతర్భాగముగా ఉన్న మిడ్‌వైఫ్‌ల విభాగము. అదే ప్రశ్న అడిగాము. ఆ సిస్టరుగారు సొరుగులోనుండి ఒక కాగితము తీసి మా ముందు పెట్టారు. బిడ్డ గుండె ఎంత తగ్గితే, ఉమ్మనీరు పచ్చగా చిక్కగా వస్తే, తల్లికి జ్వరం వస్తే, రక్తపోటు ఇంత దాటితే, రక్తం ఇంత పోతే డాక్టరుకు అప్పగించాలి, అంతా అందులో ఉన్నది. “తొలి కాన్పువాళ్లలో కొందరిని డాక్టరుగారి దగ్గరకు పంపవలసి వస్తుందండీ. ముందే చెబుతున్నాను. అప్పుడు మీరు నన్ను తప్పు పట్టకూడదు, అమ్మాయి తనను తాను తప్పు పట్టుకోకూడదు” అన్నారు. తరువాత మర్యాదగా మమ్మల్ని బయట కూర్చోమని, అమ్మాయితో ఒంటరిగా అరగంట మాట్లాడారు. మాకు కొంచెం చిన్నతనంగా అనిపించినమాట నిజమే. కాని కాన్పు మాది కాదు గదా. బయటికి వచ్చిన అమ్మాయి ముఖము చూసి మేము ఇక ఏమీ అడగలేదు.

ఆ సిస్టరుగారు చెప్పినది ఒట్టి మాట కాదు. ఇంగ్లండులో అరవై వేలకు పైగా తక్కువ ప్రమాదముగల కాన్పులను గమనించి 2011లో ప్రకటించిన అధ్యయనములో, ఆసుపత్రిని ఆనుకొని ఉన్న మిడ్‌వైఫ్ విభాగాలలో మొదలుపెట్టిన తొలి కాన్పులలో నూటికి 40, విడిగా ఉన్న కేంద్రాలలో నూటికి 36 ఆసుపత్రికి మార్చవలసి వచ్చింది. అయినా ఆ కేంద్రాలలో బిడ్డలకు అపాయము ఎక్కువ కాలేదు, తల్లులకు ఆపరేషన్లు తగ్గాయి. రెండవ, మూడవ కాన్పులవారిలో మార్పిడి నూటికి పదీ పన్నెండే. అక్కడ మిడ్‌వైఫ్‌లు చదువుకున్నవారు, అంబులెన్సు వెంటనే వస్తుంది, ఆసుపత్రి ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ మూడూ కలిసి ఉన్నాయి గనుకనే ఆ ఫలితము. మన ఊళ్లో ఈ మూడిటిలో ఏది లేకపోయినా ఆ లెక్క మనకు పనికిరాదు. అందుచేత, తొలి కాన్పుకు ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న మిడ్‌వైఫ్ విభాగము దొరికితే అదే మేలని మా అభిప్రాయము. విడిగా ఉన్న కేంద్రమే అయితే, ఏ ఆసుపత్రికి పంపుతారు, ఆ ఆసుపత్రితో రాతపూర్వకముగా ఒప్పందం ఉన్నదా, అక్కడ రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా, వాహనం గుమ్మం దగ్గర ఉంటుందా అని అడగండి. దూరమును కిలోమీటర్లలో అడగకండి. సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో ఒకసారి మీరే ఆటోలో వెళ్లి, గడియారం చూసుకొని రండి.

మరి రెండు విషయాలలో ఎంతటివారితోనూ రాజీ పడకూడదు. ఒకటి, బిడ్డ పుట్టగానే ఊపిరి తీయకపోతే మొదటి నిమిషములోనే గాలి అందించే సంచి, ముఖానికి పెట్టే మాస్కు ఆ గదిలో ఉండాలి, దానిని వాడటము వచ్చిన మనిషి ఉండాలి. ఆ నిమిషాన్ని “బంగారు నిమిషము” అంటారు. రెండవది, కాన్పు తరువాత రక్తస్రావము. గర్భసంచి గట్టిపడటానికి ఆక్సిటోసిన్ ఇంజక్షను ఫ్రిజ్‌లో సిద్ధముగా ఉండాలి. “మేము సహజము గనుక ఇంజక్షన్లు వాడము” అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ చోటు విడిచి రండి. మన మంత్రసానుల చేతులలో తల్లులు పోయినది ఎక్కువగా ఈ రక్తం వల్లనే.

ఇంతకూ మంచి మిడ్‌వైఫ్ చేసేదేమిటి? బయటనుండి చూస్తే పెద్దగా ఏమీ చేయనట్లే ఉంటుంది. అమ్మాయిని నడవనిస్తుంది, వాలి నిలబడనిస్తుంది, మజ్జిగ, ఇడ్లీ, రాగిజావ ఏదైనా తీసుకోనిస్తుంది. అరగంటకైనా ఒకసారి బిడ్డ గుండె వింటుంది, తోసే సమయములో ఐదు నిమిషాలకొకసారి. నిమిషానికి 110 నుండి 160 మధ్య ఉంటే మంచిది. అన్నీ ఒక కాగితము మీద గీతలుగా రాసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనలలో, గర్భద్వారము 5 సెంటీమీటర్లు తెరుచుకొనేవరకు అసలు నొప్పులు మొదలైనట్లు లెక్కించవద్దనీ, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదనే ఒక్క కారణముతో తొందరపడవద్దనీ ఉన్నది. పొట్టమీద ఎక్కి నొక్కడము కూడదని, అందరికీ కోత పెట్టడము కూడదని, తల్లికి ఇష్టమైన తోడు పక్కన ఉండాలని కూడ ఉన్నది. తోడు ఉండటము చిన్న సంగతి కాదు. పదిహేను వేలమందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు, మొదటినుండి చివరివరకు ఒకరు విడవకుండా తోడున్న స్త్రీలలో ఆపరేషన్లు తగ్గినట్లు తేలింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలోకి ఒక స్త్రీని తోడుగా అనుమతించమని చెప్పింది. ఆ అనుమతి ఉన్నదని మీరు అడిగితేనే గుర్తొచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి.

మా అమ్మాయికి నొప్పులు మొదలైన పదహారు గంటలకు, తెల్లవారుజామున, ఆడపిల్ల పుట్టింది. పక్కకు తిరిగి పడుకొని కన్నది. బొడ్డు వెంటనే కోయలేదు, నిమిషానికి పైగా ఆగారు. బిడ్డను తుడిచి అలాగే తల్లి గుండెలమీద పెట్టి, గంటవరకు ఎవరినీ ఎత్తుకోనివ్వలేదు. అల్లుడికి కూడ ఇవ్వలేదు. మెడలో పేగు ఉన్నదా అంటే ఉన్నది, ఒక చుట్టు. సిస్టరుగారు వేలితో తప్పించారు.

అయితే మా సంఘములోని మరొక అమ్మాయి, అదే విభాగములో, అదే సిస్టరుగారి దగ్గర చేరింది. ఏడు గంటల తరువాత ఉమ్మనీరు చిక్కటి ఆకుపచ్చగా వచ్చింది, బిడ్డ గుండె నూటికి తక్కువకు పడి లేవడానికి ఆలస్యమైంది. కారిడారు దాటించి థియేటరుకు తీసుకుపోయారు. సిస్టరుగారు ఆమె చెయ్యి వదలకుండా లోపలికి వెళ్లారు. పెద్దాపరేషన్‌తో మగబిడ్డ, క్షేమము. ఇంటికి వచ్చిన తరువాత చుట్టాలు కొందరు, “అంత వెతికి వెళ్లారు, చివరికి ఆపరేషనే గదా” అన్నారట. ఆ మాటకు ఆ అమ్మాయి వారము రోజులు కుమిలిపోయింది. దయచేసి, చూడబోయినవారు ఇటువంటి మాటలు అనవద్దు. మంచి చేతులలో ఉన్నది గనుకనే సరైన గడియలో థియేటరుకు చేరింది. ఆ సిస్టరు ఎప్పుడు లేపాలో తెలిసిన మనిషి.

ఉత్తరాలలో వచ్చిన మరి కొన్ని సందేహాలు. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట. ఏడవ నెలలో గాజులు వేసి తీసుకొస్తారు, అంతవరకు చూసినది అత్తవారి ఊరి డాక్టరు. తొమ్మిదవ నెలలో కొత్త చోట చేరితే మిడ్‌వైఫ్‌కు అమ్మాయి ఎవరో తెలియదు, అమ్మాయికి ఆమె తెలియదు. గనుక కాన్పు ఎక్కడ అన్నది ఐదవ నెలలోనే, వియ్యాలవారితో కూర్చొని తేల్చుకోవాలి. అప్పటినుండి రెండు మూడుసార్లయినా అక్కడ చూపించుకోవాలి. కాన్పు సమయములో డ్యూటీలో ఉండే ఇతర సిస్టర్లను కూడ ముందే కలుసుకోవాలి, మీకు నచ్చిన ఒక్క మనిషే ఆ రాత్రి ఉంటుందని అనుకోకూడదు.

వియ్యపురాలు ఒప్పుకోకపోతే ఏమి చేయాలని ఒక సోదరి రాశారు. మిడ్‌వైఫ్ దగ్గరకు ఆమెను కూడ వెంటబెట్టుకొని వెళ్లండి. తన కాన్పుల సంగతి ఆమెను చెప్పనివ్వండి. చాలామంది అత్తగార్ల పట్టుదల వెనుక తాము పడిన భయము ఉంటుంది, ఇంతవరకు ఎవరూ అడగని భయము.

డబ్బు సంగతి. కొన్ని కేంద్రాల ప్యాకేజీ మధ్యతరగతివారు కూడ ఆలోచించవలసినంత ఉన్నది. ఎంత అని మాత్రమే అడగకండి. ఆసుపత్రికి మార్చవలసి వస్తే ఈ సొమ్ములో ఎంత తిరిగి ఇస్తారు, అక్కడ మళ్లీ ఎంత కట్టాలి అని కాగితము మీద రాయించుకోండి. అంత లేనివారు చిన్నబుచ్చుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో 2011 నుండి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము అన్నీ ఉచితమే. ప్రతి నెల 9వ తేదీన గర్భిణీలను డాక్టరే చూసే ఏర్పాటు 2016 నుండి ఉన్నది. మీ జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ సిస్టర్లు ఉన్నారేమో వెళ్లి అడగండి. ఉంటే, మా అమ్మాయికి దొరికిన సేవ మీ అమ్మాయికి ఖర్చు లేకుండా దొరకవచ్చును. మీ ఊరి ఆశా కార్యకర్తకు ఈ సంగతి తెలిసి ఉంటుంది.

తొమ్మిదవ నెల రాగానే బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితము అంటించండి. అమ్మాయి రక్తము గ్రూపు, చివరిసారి చూసిన హిమోగ్లోబిన్, మిడ్‌వైఫ్ ఫోను నంబరు, మార్చవలసివస్తే వెళ్లే ఆసుపత్రి నంబరు, 108, రక్తము ఇవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరి పేర్లు. దాని నకలు ఒకటి అల్లుడి జేబులో ఉండాలి. మా అల్లుడైతే ఆ రాత్రి ఫోను ఛార్జరు మరచిపోయాడు గాని, ఆ కాగితము మాత్రము చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.